డిస్క్ 100%, స్పీడు మాత్రం 8 ఎంబీ: కొత్త ఎస్‌ఎస్‌డీ కొనే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060తో పీసీ సొంతంగా అసెంబుల్ చేసుకున్నారు. విండోస్, ప్రీమియర్ (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) 500 జీబీ ఎన్‌వీఎంఈ (బోర్డులోనే గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ) మీద, నడుస్తున్న ప్రాజెక్టులు 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (కేబుల్‌తో కలిపే, అంతకంటే నిదానమైన రకం) మీద, పాత పెళ్ళిళ్ళన్నీ 4 టీబీ హార్డ్ డిస్క్ మీద ఉన్నాయి. నాలుగు కెమెరాల టైమ్‌లైన్ ఆగి ఆగి ప్లే అవుతోంది. టాస్క్ మేనేజర్‌లో సాటా ఎస్‌ఎస్‌డీ 100% అంటోంది, స్పీడు చూస్తే సెకనుకు 8 ఎంబీ కూడా లేదు. ఎన్‌వీఎంఈ నుంచి దానికి ఫైళ్ళు కాపీ చేస్తే 450తో మొదలై 60కి పడిపోతోంది. 2 టీబీ జెన్4 (పీసీఐఈ అనే లింకులో నాలుగో తరం) ఎన్‌వీఎంఈ కొనేస్తే ఇవన్నీ పోతాయా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. మీది బీ450 బోర్డు. అందులో జెన్4 డ్రైవ్ పెట్టినా జెన్3 వేగంతోనే పనిచేస్తుంది, అంటే సెకనుకు సుమారు 3,500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. డబ్బా మీద రాసిన 7,000 మీకు ఎప్పటికీ కనిపించదు. పైగా మీరు చెప్పినవి మూడూ ఒకే సమస్యలా కనిపిస్తున్నా మూడింటికీ కారణాలు వేరు కావచ్చు. అందులో ఒకదానికి డిస్కుతో అసలు సంబంధమే లేకపోవచ్చు.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. నా మెషీన్లు నేనే బిగించుకుంటాను, మా ఊళ్ళో తోటి ఎడిటర్ల పీసీలు మొరాయిస్తే చూసేది కూడా ఎక్కువగా నేనే. 'డిస్క్ స్లో' అని నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటికి కొత్త డిస్క్ అవసరం పడలేదు.

దేన్నీ కదిలించకముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసుకుని (ఉచితమే) హార్డ్ డిస్క్ పేజీ తెరవండి. అక్కడ 05, సీ5 అనే వరసలు ఉంటాయి. 05 అంటే పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, సీ5 అంటే చదవడానికి ఇబ్బంది పెడుతున్నవి. వీటి రా వాల్యూ సున్నా కాకపోతే, ముఖ్యంగా సీ5 పెరుగుతూ ఉంటే, స్పీడు సంగతి పక్కన పెట్టి ఫుటేజ్ మొత్తం వేరే డిస్కుకి తీసేయండి. బెంచ్‌మార్కులు, డీఫ్రాగ్ లాంటివి దాని మీద అస్సలు నడపొద్దు. తాళి కట్టే షాట్ మళ్ళీ తీయలేం కదా. ఇంకో విషయం, ఆ అంకెలు మామూలుగా హెక్స్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) కనిపిస్తాయి. చివర 10 అని ఉంటే అది పది కాదు, పదహారు. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద రా వాల్యూస్‌ని డెసిమల్‌కి మార్చుకుంటే ఈ తికమక ఉండదు.

ఇక అసలు విషయం, 100% దగ్గర 8 ఎంబీ. టాస్క్ మేనేజర్ చూపించే ఆ శాతం వేగం కాదు. ఆ సమయంలో డిస్క్ చేతిలో ఏదో ఒక పని పెండింగ్‌లో ఉందని మాత్రమే దాని అర్థం. ఎస్‌ఎస్‌డీ 100% చూపిస్తూ 500 ఎంబీ ఇస్తుంటే అది కష్టపడి పనిచేస్తున్నట్టు. 100% చూపిస్తూ 8 ఇస్తుంటే దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. అదే పేజీలో కింద యావరేజ్ రెస్పాన్స్ టైమ్ ఉంటుంది, అది చూడండి. బాగున్న ఎస్‌ఎస్‌డీకి అది ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఉంటుంది. టైమ్‌లైన్ ఆగిన క్షణంలో అది వందల్లోకో వేలల్లోకో ఎగబాకితే డ్రైవ్‌కీ బోర్డుకీ మధ్య మాటలు సరిగ్గా నడవడం లేదని అనుమానించాలి.

అచ్చం ఇదే లక్షణం మా తోటి ఎడిటర్ ఒకతని పీసీలో చూశాను. రెండరింగ్ మధ్యలో మొత్తం బిగుసుకుపోయేది, కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్ళీ కదిలేది. ఎస్‌ఎస్‌డీ పోయిందని అతను అప్పటికే కొత్తదాని ధర కనుక్కుని వచ్చాడు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పైన ట్రాన్స్‌ఫర్ మోడ్ అని ఒక గడి ఉంటుంది. అందులో 'సాటా/600 | సాటా/600' అని ఉండాల్సింది 'సాటా/300 | సాటా/600' అని ఉంది. ఎడమది ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడిది డ్రైవ్ నడవగలిగిన వేగం. ఎడమది తగ్గిందంటే లైనులో తప్పులు ఎక్కువై కంట్రోలర్ ఒక మెట్టు దిగి ఉండవచ్చు, లేదా ఆ పోర్టే పాత సాటా 2ది అయి ఉండవచ్చు. కింద సీ7 వరసలో, అంటే దారిలో డేటా చెడిన తప్పుల (సీఆర్‌సీ ఎర్రర్ల) లెక్కలో, పెద్ద అంకే ఉంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూస్తే స్టోర్‌ఏహెచ్‌సీఐ పేరుతో 129 నంబరు హెచ్చరికలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవ్ జవాబు ఇవ్వక విండోస్ దాన్ని రీసెట్ చేసిన ప్రతిసారీ ఆ 129 పడుతుంది. బిగుసుకుపోయిన సమయాలూ ఆ హెచ్చరికల సమయాలూ సరిగ్గా కలిశాయి.

క్యాబినెట్ విప్పితే సంగతి బయటపడింది. ఎస్‌ఎస్‌డీ మదర్‌బోర్డు వెనక ట్రేలో ఉంది. అక్కడ చోటు తక్కువ, సైడ్ ప్యానెల్ మూసినప్పుడల్లా సాటా కేబుల్ తలకాయని అది పక్కకి నెడుతోంది. ప్లగ్ ఒకవైపు కొద్దిగా లేచి, లోపలి బంగారు రంగు పిన్నుల అంచు సన్నగా కనిపిస్తోంది. కేబుల్ మెడ దగ్గర మడత పడి తెల్లగా అయిపోయింది. తల వంకరగా ఉండి, క్లిప్ ఉన్న మామూలు సాటా కేబుల్ కొత్తది వేశాం. వంద రూపాయల సరుకు. ఆ తర్వాత మోడ్ 600కి వచ్చింది, రెస్పాన్స్ టైమ్ కిందికి దిగింది.

సీ7 విషయంలో చాలామంది కంగారు పడతారు. ఆ అంకె కేబుల్ మార్చినా తగ్గదు, అది పుట్టినప్పటి నుంచి ఉన్న మొత్తం లెక్క. ఈరోజు ఎంత ఉందో రాసిపెట్టుకుని, ఒకటి రెండు గంటలు ఎడిట్ చేశాక మళ్ళీ చూడండి. పెరగకపోతే లైను బాగున్నట్టే. పెరుగుతుంటే కేబుల్, తర్వాత బోర్డు మీద పోర్టు మార్చి చూడండి. ఎస్‌ఎంపీఎస్‌లో సాటా పవర్ వైరు చాలక పాత నాలుగు పిన్నుల వైరుకి కన్వర్టర్ తగిలించి ఉంటే దాన్ని కూడా అనుమానించండి. అవి వదులుగా ఉండి డ్రైవ్ ఆగి లేవడం నేను చూశాను.

ఒకవేళ కేబుల్, మోడ్, సీ7 అన్నీ సవ్యంగా ఉంటే రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్‌లో ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలుని తడుముతోందో చూడండి. మీకు 16 జీబీ ర్యామ్ ఉంది. నాలుగు కెమెరాల 4కే టైమ్‌లైన్, దాంతోపాటు క్రోమ్‌లో పది ట్యాబులు ఉంటే అది నిండుతుంది. ఆ జాబితాలో పేజ్‌ఫైల్ పేరు పదేపదే కనిపిస్తే ర్యామ్ నిండి డిస్కు మీదికి పొర్లుతోందన్నమాట. అప్పుడు కొనాల్సింది ర్యామ్. విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ కనిపిస్తే ప్రీమియర్ మీడియా క్యాష్ ఫోల్డర్ ఒక్కదాన్ని స్కానింగ్ నుంచి మినహాయించండి, డ్రైవ్ మొత్తాన్ని కాదు. క్లయింట్లు తెచ్చే పెన్‌డ్రైవుల్లో ఏముంటుందో మనకు తెలియదు.

450 నుంచి 60కి పడిపోవడం వేరే కథ. ఇది చాలావరకు ఆ ఎస్‌ఎస్‌డీ స్వభావమే, చెడిపోయిందని కాదు. చవక డ్రైవుల్లో ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ చిప్పులు వాడతారు. వాటిలో రాయడం నిజానికి చాలా నిదానం. అది బయటికి కనిపించకుండా కొంత భాగాన్ని ఒక్కో సెల్‌కి ఒకే బిట్ చొప్పున తాత్కాలికంగా వాడుకుంటారు. సినిమా హాల్లో జనమంతా లాబీలోకి చకచకా వచ్చేసి, లోపలికి వెళ్ళే ఒక్క తలుపు దగ్గర ఇరుక్కున్నట్టు ఉంటుంది. లాబీ నిండేదాకా 450, నిండాక ఆ తలుపు వేగం. క్యూఎల్‌సీ సాటా డ్రైవ్ అప్పుడు మామూలు హార్డ్ డిస్క్ కంటే కిందికి పడిపోవడం మామూలే. డ్రైవ్ నిండేకొద్దీ ఈ లాబీ కూడా కుంచించుకుపోతుంది. అందుకే కొత్తలో బాగుండి, 90 శాతం నిండాక ఏడిపిస్తుంది.

దీన్ని తేల్చుకోవడానికి క్రిస్టల్‌డిస్క్‌మార్క్ పనికిరాదు. అది మామూలుగా 1 జీబీ ఫైలుతో కొలుస్తుంది. ఆ 1 జీబీ హాయిగా క్యాష్‌లోనే (పైన చెప్పిన లాబీలోనే) సరిపోయి డబ్బా మీది అంకెలే చూపిస్తుంది. మీ దగ్గరున్న ఒక పెళ్ళి ఫోల్డర్, 100 జీబీ అయినా ఉండేది, ఎన్‌వీఎంఈ నుంచి దానికి కాపీ చేసి గ్రాఫ్ ఎక్కడ విరుగుతుందో చూడండి. తర్వాత డ్రైవ్‌లో పావు వంతు ఖాళీ చేసి, ఒక అరగంట ఊరికే వదిలేసి, మళ్ళీ అదే కాపీ చేయండి. విరిగే చోటు దూరం జరిగితే నేను చెప్పిందే కారణం. ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ళ చోటు ఖాళీ అని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పడం) పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి. డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనే విండోలో ఆ డ్రైవ్‌ని సాలిడ్ స్టేట్ అని గుర్తించి, ఆప్టిమైజ్ ఎప్పుడు జరిగిందో తేదీ చూపించాలి.

ఒక ఊరట ఏమిటంటే ఈ జబ్బు రాసేటప్పుడే. ఎడిటింగ్‌లో మనం ఎక్కువగా చదువుతాం. కార్డులు దించేటప్పుడు పది నిమిషాలు ఎక్కువ పట్టినా, టైమ్‌లైన్ ఆగడానికి ఇది కారణం కాదు.

మరి టైమ్‌లైన్ ఎందుకు ఆగుతోంది? లెక్క వేసి చూద్దాం. మీ కెమెరాలు 4కేలో 100 ఎంబీపీఎస్ దగ్గర రికార్డు చేస్తాయనుకుందాం. ఆ ఎంబీపీఎస్ బిట్లలో, 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. నాలుగు కెమెరాలకి 50. ఏ సాటా ఎస్‌ఎస్‌డీ అయినా బాగుంటే 500 వరకు ఇస్తుంది. హార్డ్ డిస్క్ కూడా వరసగా చదివితే 150 పైన ఇస్తుంది గానీ, నాలుగు ఫైళ్ళ మధ్య దాని హెడ్ అటూ ఇటూ దూకాలి కాబట్టి మల్టీకామ్‌కి పనికిరాదు. అంటే ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యంగా ఉంటే జెన్4 కాదు కదా, ఎన్‌వీఎంఈ కూడా మీకు అవసరం లేదు. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే భారీ ఫార్మాట్‌లో 4కే ఎడిట్ చేసేవాళ్ళ సంగతి వేరు, అక్కడ సెకనుకు 30 ఫ్రేముల ఒక్క స్ట్రీమే సెకనుకు 110 ఎంబీ దాకా లాగుతుంది.

నా అనుమానం మీ ఫుటేజ్ మీద ఉంది. ఈమధ్య కెమెరాల్లో హెచ్.265 కంప్రెషన్, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువ దాచే పద్ధతి) పెట్టి తీయడం అలవాటైంది. రంగులు బాగుంటాయి, కాదనను. కానీ ఆర్‌టీఎక్స్ 3060 ఆ 4:2:2ని డీకోడ్ చేయలేదు, మీ 5600లో గ్రాఫిక్స్ లేనే లేదు. భారమంతా ఆరు కోర్ల మీద పడుతుంది. ఇంటెల్ 12వ తరం, ఆ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, పేరు చివర ఎఫ్ లేనివాటిలో, ఆ పని చేసే గ్రాఫిక్స్ ఉంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులూ చేస్తాయి. తేల్చుకోవడం సులువు: ఆగుతున్న క్లిప్పులనే ఎన్‌వీఎంఈ మీదికి కాపీ చేసి, కొత్త సీక్వెన్స్‌లో పెట్టి ప్లే చేయండి. అక్కడా అలాగే ఆగి, సీపీయూ 100 దగ్గర ఉంటే పాపం డిస్కుని తిట్టి లాభం లేదు. ప్రీమియర్‌లోనే 1080 ప్రోరెస్ ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు) చేసుకోండి, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతాయి. ఒక్కో ప్రాక్సీ 45 ఎంబీపీఎస్ దగ్గరే ఉంటుంది, మీ ఎస్‌ఎస్‌డీకి అది లెక్కే కాదు.

ఎండాకాలంలోనే ఎక్కువ ఇబ్బంది అయితే ఎన్‌వీఎంఈ వేడి కూడా చూడండి. చాలా బోర్డుల్లో మొదటి ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ గుచ్చే చోటు) గ్రాఫిక్స్ కార్డు పక్కనే ఉంటుంది, రెండరింగ్ అప్పుడు ఆ వేడంతా దానికే. 75, 80 డిగ్రీల దగ్గర డ్రైవ్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. హీట్‌సింక్ ఉంటే ఒకసారి విప్పి చూడండి. థర్మల్ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించిన పీసీలు నా చేతికి వచ్చాయి.

ఇవన్నీ చూశాక కూడా ఎస్‌ఎస్‌డీ మార్చాలనే అనిపిస్తే, టీఎల్‌సీ (ఒక్కో సెల్‌కి మూడు బిట్లు) చిప్పులున్న మామూలు జెన్3 ఎన్‌వీఎంఈ తీసుకోండి. జెన్4దే అదే ధరకి దొరికితే అదీ పరవాలేదు, రేపు బోర్డు మార్చినప్పుడు పనికొస్తుంది. కానీ కొనేముందు బోర్డు మాన్యువల్ తీయండి. బీ450లో రెండో ఎం.2 స్లాట్ చాలా బోర్డుల్లో చిప్‌సెట్ నుంచి వస్తుంది. ఆ దారి పీసీఐఈ 2.0, అంటే జెన్3 వేగంలో సగం. కొన్నింట్లో ఆ స్లాట్ వాడితే రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. హార్డ్ డిస్క్ హఠాత్తుగా మాయమైందని టెన్షన్ పడకుండా ఏ పోర్టులో అదో ముందే చూసుకుని కేబుల్ మార్చుకోండి.

సాటా ఎస్‌ఎస్‌డీ మోడల్ నంబరు, ఎంత నిండింది, ట్రాన్స్‌ఫర్ మోడ్ గడిలో ఏముంది, ఎడిటింగ్‌కి ముందూ తర్వాతా సీ7 ఎంత, కెమెరా ఏ ఫార్మాట్‌లో తీస్తుంది, ఇవి చెప్పండి. మోడల్ నంబరు ఉంటే అది క్యూఎల్‌సీనో కాదో చూసి చెబుతాను.