పరదేశపు షోకేస్‌కు తిరుపతి మేళం

ప్రశ్న: మేము ముగ్గురం తిరుపతిలో నాదస్వరం, డోలు నేర్చుకున్నవాళ్లం. గిటారు, కీబోర్డు వాయించే ఇద్దరు మిత్రులతో కలిసి మూడేళ్లుగా ఒక బృందంగా వాయిస్తున్నాము. యూరప్‌లో జరిగే ఒక అంతర్జాతీయ సంగీత షోకేస్‌కు దరఖాస్తు చేస్తే ఎంపికయ్యామని ఉత్తరం వచ్చింది. అయితే పారితోషికం ఉండదనీ, విమాన చార్జీలు మేమే పెట్టుకోవాలనీ అందులో రాశారు. ఇంట్లో పెద్దలు ఇదేదో మోసమంటున్నారు. వెళ్లవచ్చా?
— ఒక యువ నాదస్వర విద్వాంసుడు, తిరుపతి

సమాధానం: మీ పెద్దల అనుమానం సహజమైనదే. వాయించడానికి పిలిచి సంభావన ఇవ్వకపోవడం మన మేళం సంప్రదాయంలో లేదు. కానీ షోకేస్ అంటే కచేరీ కాదు. ఒక పెళ్లిలో మీ మేళం విని, అక్కడికక్కడే మీ ఫోన్ నంబరు తీసుకుని, తమ ఇంటి పెళ్లికి బయానా ఇచ్చినవారు మీకు తారసపడే ఉంటారు. షోకేస్ హాలులో కూర్చునేవారిలో ఎక్కువ మంది అటువంటివారే. వివిధ దేశాల ఉత్సవాలకు కళాకారులను ఎంపిక చేసేవారు, బుకింగ్ ఏజెంట్లు, రికార్డింగ్ సంస్థలవారు, రేడియోవారు అక్కడికి వచ్చేది మరుసటి ఏడాది ఎవరిని పిలవాలో తేల్చుకోవడానికే. ప్రపంచ సంగీతానికి ప్రధానమైన షోకేస్ వోమెక్స్ 1994లో బెర్లిన్‌లో మొదలై, అప్పటి నుంచి యూరప్ నగరాలు మారుతూ అక్టోబరులో జరుగుతోంది. 2024లో మాంచెస్టర్‌లోనూ, 2025లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలోనూ జరిగింది. అమెరికాలోని ఆస్టిన్‌లో 1987 నుంచి మార్చి నెలలో సౌత్ బై సౌత్‌వెస్ట్, ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 2006 నుంచి మే నెలలో గ్రేట్ ఎస్కేప్ నడుస్తున్నాయి. ఇటువంటి చోట్ల వర్ధమాన బృందాలకు పారితోషికం లేకపోవడం లేదా నామమాత్రంగా ఉండడం సాధారణం.

అసలు షోకేస్‌నూ నకిలీనీ వేరు చేయడం కష్టం కాదు. నిజమైనవారు గత సంవత్సరాలలో వాయించిన బృందాల జాబితాను, ఎంపిక చేసినవారి వివరాలను బహిరంగంగా ఉంచుతారు. వోమెక్స్‌లో ఏడుగురు సభ్యుల ఎంపిక బృందం ఉంటుంది. జాబితాలో ఉన్న రెండు మూడు బృందాలకు నేరుగా రాసి, అక్కడ ఏం జరిగిందో అడగండి. కళాకారులు కళాకారులకు తప్పక జవాబిస్తారు. దరఖాస్తు రుసుము ఉండడం మామూలే గానీ, ఎంపికైన తరువాత “పాల్గొనే రుసుము” అంటూ ఒక వ్యక్తి ఖాతాకు పెద్ద మొత్తం పంపమంటే అక్కడితో ఆగిపోండి.

ఇక మోసం కాదని తేలినా, వెళ్లాలా వద్దా అన్నది వేరే లెక్క. టికెట్లు, వీసాలు, బస మాత్రమే ఖర్చని అనుకోకండి. అక్టోబరు చివర అంటే చాలా ఏళ్లలో కార్తిక మాసం, పెళ్లి ముహూర్తాల కాలం. ఆ పది రోజులలో డోలు విద్వాంసుడు వదులుకునే ముహూర్తాలు కూడా ఖర్చే. ఆయన ఇంటి సంపాదన ఆ పెళ్లిళ్ల మీదే ఆధారపడి ఉంటే, ఆ నష్టాన్ని బృందమంతా కలిసి భరించేటట్లు ముందే మాట్లాడుకోవాలి. గిటారు మిత్రుడు జీతంతో కూడిన సెలవు పెట్టి వస్తాడు, డోలు మిత్రుడు కూలి పోగొట్టుకుని వస్తాడు. ఈ తేడాను పట్టించుకోని బృందాలు తిరిగి వచ్చిన తరువాత విడిపోవడం నేను చూశాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ ప్రయాణానికి ముందో వెనకో అదే ప్రాంతంలో కనీసం రెండు చెల్లింపు కచేరీలు కుదిరితే, వచ్చే ప్రతినిధుల జాబితా చూసి మీ తరహా సంగీతాన్ని పిలిచే ఇరవై మందికి నెల రోజుల ముందే వినయంగా, క్లుప్తంగా ఉత్తరాలు రాయగలిగితే వెళ్లండి. ఈ రెండూ కుదరనప్పుడు అప్పు చేసి వెళ్లవద్దు. వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. విదేశీ ప్రదర్శనలకు భారత సాంస్కృతిక సంబంధాల మండలి, అంటే 1950లో ఏర్పడిన ఐసీసీఆర్, కళాకారులను తన జాబితాలో చేర్చుకుంటుంది. ఆ దరఖాస్తును మాత్రం ఇప్పుడే పెట్టండి, దానికి చాలా సమయం పడుతుంది.

ప్రశ్న: షోకేస్‌లో ముప్పై నిమిషాలే ఇస్తారట. ఒక రాగం ఆలపించడానికే మాకు అంత సమయం కావాలి. ఏది వదులుకోవాలి?
— అదే బృందంలోని డోలు విద్వాంసుడు

సమాధానం: రాగాన్ని వదులుకోవద్దు, ఉపోద్ఘాతాన్ని వదులుకోండి. షోకేస్‌కు వచ్చే ప్రోగ్రామర్, అంటే ఉత్సవాలకు కళాకారులను ఎంపిక చేసే వ్యక్తి, ఒకే రాత్రి నాలుగైదు హాళ్లు తిరుగుతాడు. తలుపు దగ్గర నిలబడి పది నిమిషాలు విని, ఉండాలో వెళ్లాలో అక్కడే నిర్ణయించుకుంటాడు. అందుకు మన సంప్రదాయంలోనే మంచి ఉపాయం ఉంది. స్వామి ఊరేగింపు బయలుదేరేటప్పుడు వాయించే గంభీరనాట మల్లారితో మొదలుపెట్టండి. మాడవీధిలో వేల మందిని ఒక్కసారిగా తనవైపు తిప్పుకోవడానికి పుట్టిన బాణీ ఇది. దానికి ఇంగ్లీషులో పరిచయ వాక్యాలు అవసరం లేదు. ఆ వెంటనే మీ సొంత బాణీ ఒకటి, తరువాత కీబోర్డు, గిటారు పూర్తిగా ఆగి నాదస్వరం ఒక్కటే ఆరేడు నిమిషాలు చేసే ఆలాపన, చివర డోలుకు చోటిచ్చే పాట. ఆ ఆలాపనను కుదించమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. గిటారూ డ్రమ్స్ వాయించే బృందాలు వారికి వందల్లో దొరుకుతాయి. తోడి రాగంలో ఒక గాంధార స్వరాన్ని ఊపి నిలబెట్టగలిగినవారు దొరకరు.

రెండు బృందాల మధ్య వేదిక సర్దుకోవడానికి సాధారణంగా పావుగంట మించి ఇవ్వరు. పూర్తి సౌండ్ చెక్ ఉండదు, ప్రతి మైకూ పలుకుతోందా లేదా అని చూసే లైన్ చెక్ మాత్రమే. అక్కడి సౌండ్ ఇంజనీరు నాదస్వరాన్ని జన్మలో విని ఉండకపోవచ్చు. గాయకుడి గొంతుకు పెట్టినట్లే మైకు స్థాయి పెడతాడు, మీరు ఊదగానే హాలంతా కీచుమంటుంది. ఒకే పేజీలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరికి ఏ మైకో గీసి వారం ముందే పంపండి. మీరు రెండు శ్రుతి, రెండున్నర శ్రుతి అనేదాన్ని వారికి డి, డి షార్ప్ అని రాయండి. నాదస్వరం చాలా బిగ్గరగా పలుకుతుందని, మైకును దూరంగా పెట్టాలని, డోలుకు వలంతల వైపు ఒకటి, తొప్పి వైపు ఒకటి కావాలని అందులోనే చెప్పండి. మీరు నేల మీద కూర్చుని వాయించేటట్లయితే వేదిక మీద ఎత్తుగా ఉండే చిన్న అరుగు కూడా అడగాలి, లేకపోతే వెనుక వరుసలవారికి మీ తలలు మాత్రమే కనిపిస్తాయి.

ప్రశ్న: వాద్యాలను విమానంలో తీసుకువెళ్లేటప్పుడు కస్టమ్స్‌లో ఇబ్బంది ఉంటుందా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

సమాధానం: ఉంటుంది. అదీ మనం ఊహించని చిన్న వస్తువు దగ్గర వస్తుంది. నాదస్వరానికి దారంతో వేలాడే పీకల (నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు ముక్కల) గుత్తిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నాలుగైదు పీకలతో పాటు, పీకలో చేరిన తేమను, నలుసును తీయడానికి ఒక సన్నని సూది ఉంటుంది. తాతల కాలం నాటి వాద్యమైతే ఆ సూది ఏనుగు దంతంతో చేసినది కావచ్చు. ఆసియా ఏనుగు అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠినమైన ఆంక్షల జాబితాలో ఉంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. వేలెడంత దంతపు ముక్క కోసం వాద్యమే జప్తు కావచ్చు. దాన్ని ఇంట్లో దేవుడి గూట్లో భద్రపరచి, లోహపు సూదిని కట్టుకుని వెళ్లండి.

మన ప్రాంతంవారికి మరో జాగ్రత్త ఉంది. శేషాచలం కొండల ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రం లేనిదే దేశం దాటించకూడని వాటి జాబితాలో ఉంది. జపాన్‌లో షమిసెన్ అనే తంత్రీవాద్యాలలో మేలు రకం వాటి మెడను ఈ చెక్కతో చేస్తారు కనుక వాద్యలోకంలో దాని విలువ అందరికీ తెలుసు. ముచ్చటపడి వాద్యానికి ఎర్రచందనం బిరడానో, బహుమతిగా ఇవ్వడానికి ఎర్రచందనం బొమ్మనో పెట్టెలో వేసుకోవద్దు. గిటారు మీది రోజ్‌వుడ్ గురించి మాత్రం, అది బ్రెజిల్ రోజ్‌వుడ్ కాకపోతే, భయం లేదు. 2017లో వచ్చిన ఆంక్షల నుంచి పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళితే డోలు తోలును తప్పక పరీక్షిస్తారు, ముందుగా ప్రకటించండి.

వాద్యాలతో పాటు ఆంప్లిఫయర్ల వంటి సామగ్రి కూడా వెంట ఉంటే ఏటీఏ కార్నెట్, అంటే సామగ్రిని సుంకం లేకుండా తాత్కాలికంగా విదేశానికి తీసుకువెళ్లి తెచ్చుకునే పత్రం, తీసుకోవడం మంచిది. మన దేశంలో దాన్ని వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య అయిన ఫిక్కీ జారీ చేస్తుంది, ఏడాది వరకు చెల్లుతుంది, అయితే పూచీకత్తు కట్టాలి. చేతి వాద్యాలు మాత్రమే అయితే, బయలుదేరే విమానాశ్రయంలో కస్టమ్స్‌వారి దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఇవి కొత్తగా కొన్నవని సుంకం అడగకుండా అది కాపాడుతుంది.

పీకల సంగతి కూడా చెప్పాలి. చలిదేశాలలో హీటరు నడిచే హాళ్ల గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, లైన్ చెక్‌కు తడిపిన పీక వాయించే సమయానికి బిగుసుకుపోతుంది. ఒక వేదిక వెనుక మన విద్వాంసుడొకరు ఆ పావుగంటా రెండు పీకలను నోట్లోనే ఉంచుకుని, పలకరించినవారికి కళ్లతోనే జవాబిస్తూ నిలబడడం నేను కళ్లారా చూశాను. మామూలుగా తీసుకువెళ్లేవాటికి రెట్టింపు పీకలు తీసుకువెళ్లండి.

ప్రశ్న: అన్నమయ్య కీర్తనలు ఐదు వందల ఏళ్ల నాటివి కదా. వాటికి హక్కుల సమస్య ఉంటుందా?
— ఒక గాయని, చిత్తూరు

సమాధానం: సాహిత్యానికి ఉండదు, బాణీకి ఉండవచ్చు. అన్నమయ్య 1503లో పరమపదించాడు. ఆయన పదాలు రాగిరేకుల మీద మిగిలాయి, రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఈనాడు మనం పాడుకునే బాణీలలో ఎన్నో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు కూర్చినవి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కర్త మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. రాళ్లపల్లివారు 1979లో కాలం చేశారు కనుక ఆ బాణీలకు లెక్క 2039 చివరి వరకు వస్తుంది. వేదిక మీద పాడడానికి ఇది అడ్డంకి కాదు. నిర్వాహకులు అక్కడి సంగీత హక్కుల సంస్థకు రుసుము కడతారు. కానీ పాటల పట్టికలో “సంప్రదాయం” అని రాయకండి. సాహిత్యం అన్నమయ్య, సంగీతం ఫలానావారు అని రాయడం చట్టానికే కాదు, గురుస్థానంలో ఉన్నవారి పట్ల మనకుండాల్సిన మర్యాదకూ అవసరం. రికార్డు చేసి విడుదల చేయాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి ముందే తీసుకోవాలి.

మీ సొంత బాణీలను, స్వరకర్తల తరఫున హక్కుల రుసుము వసూలు చేసే మన దేశపు సంస్థ ఐపీఆర్ఎస్‌లో నమోదు చేసుకోండి. అక్కడ వాయించిన పాటల పట్టికను ఆ దేశపు సంస్థకు, అంటే బ్రిటన్‌లో పీఆర్ఎస్‌కు, జర్మనీలో గెమాకు చేరిస్తే, స్వరకర్తకు రావలసిన మొత్తం ఐపీఆర్ఎస్ ద్వారా మీకు వస్తుంది. పారితోషికం లేని షోకేస్‌లో కూడా ఈ హక్కు మీదే.

ప్రశ్న: విదేశీయులకు అర్థం కావాలంటే ఇంగ్లీషులో పాడాలంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, మదనపల్లె

సమాధానం: అవసరం లేదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మీ ఊరి థియొసాఫికల్ కళాశాలలోనే జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాశారు, మార్గరెట్ కజిన్స్ దాని బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టారు. అర్థం తెలియడానికి అనువాదం, పాడడానికి మూలం. మీరూ అర్థాన్ని నాలుగు పంక్తులలో కాగితం మీద ఇచ్చి, తెలుగులోనే పాడండి.

ప్రశ్న: అమెరికా షోకేస్‌కు నిర్వాహకుల ఆహ్వాన పత్రం చాలదా?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: చాలదు. 2017 మార్చిలో సోవియట్ సోవియట్ అనే ఇటలీ బృందం ఆస్టిన్ షోకేస్‌కు బయలుదేరి, సియాటిల్‌లో దిగగానే వెనక్కి పంపబడింది. తాము డబ్బు తీసుకోవడం లేదని చెప్పినా, వారు వచ్చిన అనుమతి ప్రదర్శనలకు సరిపోదని అధికారులు భావించారు. ఏ వీసా వర్తిస్తుందో నిర్వాహకుల నుంచి లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి, దానితో పాటు దారిలో మరో చెల్లింపు కచేరీ ఒప్పుకుంటే వీసా రకమే మారవచ్చని గుర్తుంచుకోండి. యూరప్ షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. రుసుము మనిషికి 90 యూరోలు.

ప్రశ్న: మా పాటలో తిరుపతి గంగమ్మ జాతర పంబ దరువు ఉంది. వాయించిన పెద్దాయనను అంత దూరం తీసుకువెళ్లలేక, ఆయన రికార్డింగునే వేదిక మీద వాడుకోవాలనుకుంటున్నాము. తప్పా?
— ఒక బృంద నాయకుడు, తిరుపతి

సమాధానం: ఆయన అనుమతి రాతపూర్వకంగా తీసుకోకుండా వాడితే తప్పే. ప్రదర్శన చేసినవారికి కూడా మన కాపీరైట్ చట్టంలో హక్కు ఉంది. ఒప్పందం తెలుగులో రాసి, ఆయనకు చదివి వినిపించి, ఆయన పేరును కార్యక్రమ పత్రంలో మీ పేర్లతో సమానంగా వేసి, వచ్చే ఆదాయంలో వాటా ఇవ్వాలి.

కానీ అడగకపోయినా ఒక మాట చెబుతాను. “తీసుకువెళ్లలేము” అన్నారు గానీ ఆయన రాలేనన్నారని రాయలేదు. చాటింపు నాటి నుంచి వారం రోజులు వీధి వీధి తిరుగుతూ పంబ వాయించగల మనిషికి పది గంటల విమాన ప్రయాణం అసాధ్యమని మీరే నిర్ణయించవద్దు. షోకేస్‌లో ప్రోగ్రామర్లను నిలబెట్టేది లాప్‌టాప్‌లోంచి వచ్చే దరువు కాదు, ఆయన చేతులు. మొదట ఆయననే అడగండి. వస్తానంటే, పాస్‌పోర్టుకు 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారికి జనన ధ్రువపత్రమే కావాలన్న నిబంధన లేదు. పాన్ కార్డు, ఓటరు గుర్తింపు కార్డు వంటివి పుట్టిన తేదీకి సరిపోతాయి. రెండింటిలో పేరు, తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసి, తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఆయనకు సమయం తీసుకుని, ఆ రోజు మీలో ఒకరు వెంట వెళ్లండి.