నమ్మనివాళ్ళకు రక్షణ ఉందా? అన్నీ తెలిసి కాదన్నవాళ్ళ సంగతి

యేసును నమ్మకపోతే ఎంత మంచివాళ్ళయినా నరకానికేనని మీ స్నేహితుడు అన్నాడనీ, క్రైస్తవం నిజంగా అదే చెబుతుందా అనీ అడిగారు. ఏ సంఘంలో అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మా ఇంట్లోనే మూడు జవాబులున్నాయి.

మా తాతయ్య పల్నాడులో కమ్యూనిస్టు. పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే. సండే స్కూల్లో నేర్చుకున్న వాక్యాలు ముసలితనంలో కూడా తడుముకోకుండా చెప్పేవాడు. సంఘం ఎలక్షన్లు, ఆస్తుల మీద కోర్టు కేసులు చూసి విసిగిపోయి గుడికి వెళ్ళడం మానేశాడు, తర్వాత్తర్వాత దేవుణ్ణీ మానేశాడు. భూస్థాపన అయిన రోజు సాయంత్రం అమ్మమ్మ పాస్టరుగారిని పక్కకు పిలిచి, "ఈయన ఎక్కడికి వెళ్ళుంటాడయ్యా?" అని అడిగింది. "సిలువ మీద దొంగకి ఎంతసేపు పట్టిందమ్మా?" అని ఊరుకున్నారాయన. యేసు పక్కన సిలువ మీదే, చివరి ఘడియలో నమ్మి పరలోకం మాట పొందిన దొంగ సంగతి అది. పెంతెకొస్తు సంఘానికి వెళ్ళే పెద్ద మావయ్య మాత్రం యోహాను 14:6 చదివి (నేనే మార్గం, నా ద్వారా తప్ప ఎవరూ తండ్రి దగ్గరికి రారు అని యేసు అన్న మాట), ఇందులో రెండో దారి ఎక్కడుందన్నాడు. కన్నకొడుకు. ఏడుస్తూనే అన్నాడు, అదీ చెప్పాలి.

మావయ్యది మొండితనం అనుకోకండి. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలా మటుకు బోధ అదే. ఎఫెసీ 2:8-9 ప్రకారం రక్షణ, అంటే నరకం తప్పి పరలోకం చేరడం, కృపచేత, విశ్వాసం ద్వారా వచ్చేది, క్రియల వల్ల కాదు. అంటే మంచితనం నమ్మినవాడికీ పనికిరాదు, నమ్మనివాడికీ పనికిరాదు. సువార్త అసలు చెవిన పడనివాళ్ళ మాటేమిటంటే, వాళ్ళలోనూ కొందరు రోమా 2:14-15 చూపించి, మనస్సాక్షిని బట్టి దేవుడే చూసుకుంటాడంటారు.

మూడో జవాబు మా పిన్నిది. ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్ వాళ్ళింటికి కోడలిగా వెళ్ళింది. కేథలిక్కులు ఈ విషయంలో చాలా దూరం నడిచారు. 1442లో ఫ్లోరెన్స్ మహాసభ, అన్యులైనా యూదులైనా చనిపోయేలోగా శ్రీసభలో (కేథలిక్ సంఘంలో) చేరకపోతే నిత్యాగ్నికేనని తేల్చేసింది. 1964లో రెండో వాటికన్ మహాసభ 'లూమెన్ జెన్షియుమ్' అనే పత్రం 16వ పేరాలో వేరే మాట చెప్పింది. తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగనివాళ్ళు, చివరికి దేవుడున్నాడని స్పష్టంగా తెలుసుకోలేకపోయినవాళ్ళు కూడా, మనస్సాక్షి ప్రకారం బతికితే రక్షణ పొందవచ్చంది. ఆ రక్షణ కూడా క్రీస్తు వల్లేననుకోండి, వాళ్ళకు తెలిసినా తెలియకపోయినా.

అయితే అదే పత్రం 14వ పేరాలో, శ్రీసభ అవసరమని తెలిసీ కాదన్నవాడికి రక్షణ లేదని ఉంది. తాతయ్య దగ్గర చిక్కంతా ఇదే. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎక్కడో అడవిలో సువార్త వినని మనిషిని ఉదాహరణగా తెచ్చి తప్పించుకుంటారు. మా గుంటూరు, పల్నాడు వైపు వినని వాడెవడండీ? వద్దన్నా మైకులో వినపడుతుంది. విని, చదివి, కాదన్నవాడి సంగతే తేలాలి.

నాకు కాస్త దారి చూపింది అదే మహాసభ 1965లో ఇచ్చిన ఇంకో పత్రం, 'గౌదియుమ్ ఎత్ స్పెస్' 19వ పేరా. నాస్తికత్వం పుట్టడంలో విశ్వాసుల పాత్ర తక్కువేం కాదనీ, వాళ్ళ నడవడి దేవుడి అసలు ముఖాన్ని కప్పేస్తుందనీ ఒప్పుకుంది. తాతయ్య కాదన్నది దేవుణ్ణా, కుర్చీల కోసం కొట్టుకున్న కమిటీనా? వాక్యాలన్నీ నోటికొచ్చినవాడికి తెలియకపోవడమేమిటని మావయ్య అంటాడు. అదీ కొట్టిపారేసే మాట కాదు.

2018లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్ శివార్లలో ఒక చర్చికి వెళ్ళినప్పుడు, చనిపోయిన తన నాన్న నాస్తికుడనీ, ఆయన పరలోకంలో ఉన్నాడా అనీ ఒక పిల్లాడు అడిగాడు. ఆ తండ్రి నమ్మకపోయినా నలుగురు పిల్లలకూ జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించాడు. ఎవరు పరలోకానికి వెళ్తారో చెప్పేది దేవుడేనని, అలాంటి తండ్రిని దేవుడు వదిలేస్తాడా అని పోప్ అక్కడున్నవాళ్ళనే అడిగారు. లేదని అరిచారు వాళ్ళు. పిన్ని ఆ వీడియో అమ్మమ్మకు చూపించి తెలుగులో చెప్పింది. అమ్మమ్మ అంతా విని, "మీ నాన్న కూడా మీ బాప్తిస్మాలకి ఏనాడూ అడ్డు చెప్పలేదుగా" అంది. మావయ్య మాట్లాడలేదు.

మీ స్నేహితుడు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది క్రైస్తవులందరి మాటా కాదు. అతనిది ఏ సంఘమో రాస్తే వాళ్ళ బోధ గురించి ఇంకాస్త వివరంగా చెబుతాను.