పైడికంటికి నీళ్ళు పోయకు

చిరంజీవి సునీతకు పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతికి ఊరికి రావట, హైదరాబాద్‌లోనే ఉండి మాంజా తగిలి పడిన పిట్టల్ని చూసుకునేవాళ్ళతో తిరుగుతావట. పండగపూట పిల్ల ఇంట్లో ఉండదని మీ అమ్మ ముక్కు చీదుతోంది. నాకైతే గర్వంగానే ఉంది, కాకపోతే నీ చేతుల గురించి బెంగ.

నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. పండగ మూడు రోజులే, చెట్లకు వేలాడే దారం నెలల తరబడి ఉంటుంది. చీకట్లో ఎగిరే గుడ్లగూబకి, మనం పైడికంటి అంటామే దానికి, తగిలేది ఆ దారమే. కాబట్టి కనుమతో నీ పని అయిపోదు.

దారం చుట్టుకుని ఉంటే లాగకు. అటూ ఇటూ బెత్తెడు వదిలి కత్తిరించు, ఒంట్లో దిగిన ముక్క డాక్టరు తీస్తాడు.

గుడ్లగూబని పట్టుకునేటప్పుడు దాని ముక్కుని చూసి జడుసుకోకు. ఆ టకటకలూ బుసలూ వట్టి బెదిరింపు. అసలు ప్రమాదం కాళ్ళతో. గోళ్ళు దిగితే వదలవు, నువ్వు గుంజేకొద్దీ ఇంకా బిగుస్తాయి. వెనకనుంచి మందపాటి గుడ్డ తలతో సహా కప్పి, రెక్కలు ఒంటికి మూసి, రెండు కాళ్ళూ దొరకబుచ్చుకో. రొమ్ము మాత్రం నొక్కకు. రొమ్ముటెముక కదిలితేనే దానికి ఊపిరి ఆడేది, గట్టిగా అదిమితే చేతుల్లోనే పోతుంది. తోలు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. ముసలాడి చాదస్తమని నవ్వకు.

మూత ఉన్న అట్టపెట్టె, గాలికి పెన్సిలు పట్టేంత చిల్లులు, కింద గుడ్డ. అంతే. పంజరంలో పెడితే కమ్మీలకు కొట్టుకుని ఈకలు విరుగుతాయి. విరిగిన ఈకలతో చప్పుడు లేకుండా ఎగరలేదు, ఎలుకని పట్టలేదు.

ఇక నీళ్ళ సంగతి. పడిపోయిన పిట్ట కనబడగానే మనవాళ్ళ చెయ్యి చెంబు మీదికి పోతుంది. నేనూ పోసినవాణ్ణే. నోరు తెరిచింది కదా, దాహమనుకున్నాను. దాహం కాదమ్మా, భయంతో రొప్పడం, లేదా ఊపిరి అందకపోవడం. దాని నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరుంటుంది, మనకున్నట్టు దానికి మూత లేదు. ముక్కు విప్పి పోసిన నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. గుటక వేసినట్టే ఉంటుంది, మనకి సంతోషంగా ఉంటుంది. తర్వాత ఊపిరిలో గురగుర మొదలై, చివరికి పోతుంది. "దెబ్బ గట్టిదే పాపం" అనుకుని పూడ్చేస్తాం. దాన్ని చంపింది దెబ్బ కాదు, మన జాలి. అసలు గుడ్లగూబకి కావలసిన నీళ్ళు చాలావరకు అది తినే ఎలుకలోనే ఉంటాయి. ఒళ్ళు ఎండిపోయి ఉంటే డాక్టరు సూదితో చర్మం కింద ఎక్కిస్తాడు. పాలు అసలే అరగవు. తిండి పెట్టాలా వద్దా అన్నదీ డాక్టరే చెప్పాలి. కొబ్బరినూనె, పసుపు రాయకు, నూనె పట్టిన ఈకలు ఒంటి వేడిని ఆపలేవు.

పెట్టె మూసి చీకట్లో పెట్టు. ఫోటోల కోసం పదిసార్లు తెరవకు. కళ్ళు మూసుకుని కదలకుండా ఉంటే మచ్చికైందనుకునేవు, భయానికి బిగుసుకుపోవడమది. వెంటనే అటవీశాఖకి కబురు చెయ్యి. వన్యప్రాణి చేతికొస్తే 48 గంటల్లో తెలపాలని 1972 చట్టంలో ఉంది, కానీ రెక్క తెగిన పిట్ట అంతసేపు ఆగదు. ముద్దుగా ఉందని గదిలో ఉంచుకున్నావని తెలిస్తే మాత్రం నేనే బస్సెక్కి వస్తాను.

పైడికంటి పిల్ల ఒంటిమీద గాయమేమీ లేకుండా కింద కనిపిస్తే దగ్గర్లో తొర్ర వెతికి అందులో పెట్టు. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదన్నది వట్టి మాట.

పాత తువ్వాళ్ళు కావాలన్నావట. టర్కీ టవల్ పోగుల్లో గోళ్ళు చిక్కుకుంటాయి, అవి వాడకు. మీ పెద్దమ్మ పాత దుప్పటి నాలుగు ముక్కలు చేసి అంచులు కుట్టింది, రేపు పొద్దున బస్సుకి వేస్తున్నాను.

మీ పెదనాన్న