కాలువ గట్టు దారి బాగు చేసేముందు గేటు సంగతి చూడండి

"పల్లెల్లో కాలువ గట్టు దారిని అందరూ నడిచేలా, సైకిల్ తొక్కేలా బాగు చేయాలంటే తారు వేయాలా, కంకర చాలా? తారు వేస్తే పల్లె అందం పోదా?" అని ఒకరు అడిగారు. తారా, కంకరా అన్నది తర్వాతి మాట. అసలు ఆ దారిలోకి మనిషి వెళ్లగలడా లేదా అన్నది ముందు చూడాలి.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా పిన్ని చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. గట్టు దారి కొత్తగా వేశారని తెలిసి, నీళ్ల పక్కన కాసేపు తిప్పుదామని తీసుకెళ్లాను. మొదట్లోనే మోటార్ సైకిళ్లు రాకుండా ఇనప గొట్టాలతో మెలిక గేటు పెట్టారు. సైకిళ్ల వాళ్లే ముందు చక్రం పైకెత్తి, బండిని పక్కకు వంచి ఎలాగోలా దూరుస్తున్నారు. కుర్చీ సగం లోపలికి వెళ్లి రెండు వైపులా బిగుసుకుపోయింది. వెనక్కి లాగుతుంటే పిన్ని మోచేయి గొట్టానికి ఒరుసుకుని చర్మం లేచిపోయింది. ఎవరో ఇద్దరు వచ్చి, కుర్చీతో సహా ఎత్తి అవతల పెడతామన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. "నన్ను మూటలా మోయించకురా, ఇంటికి పోదాం పద" అంది. మేం అక్కడ ఉండగానే ఒక బైకు గట్టు పక్క వాలు మీదుగా ఎక్కి దర్జాగా వెళ్లిపోయింది!

అందుకే చెబుతున్నాను, ఆ గేట్లు తీసేయాలి. మధ్యలో మీటరున్నర ఖాళీ ఉండేలా గుంజలు పాతితే చాలు. బైకులు దూరుతాయంటారా? ఇప్పుడూ దూరుతూనే ఉన్నాయి. వాటిని ఆపడం పోలీసుల పని, ఆ భారం నడవలేని వాళ్ల మీద వేయడం అన్యాయం.

ఇక దారి సంగతి. వదులు కంకర మాత్రం వద్దు, కుర్చీ ముందు చక్రాలు చిన్నవి కాబట్టి అందులో కూరుకుపోతాయి. క్రషర్ డస్ట్ (రాయి నలగ్గొట్టినప్పుడు వచ్చే పొడి) కలిపిన సన్న కంకర పరిచి, తడిపి, రోలర్‌తో గట్టిగా తొక్కిస్తే కుర్చీ సాఫీగా వెళ్తుంది, చూడటానికి మట్టిదారిలాగే ఉంటుంది. అమెరికాలో చెసాపీక్ అండ్ ఒహాయో (సి అండ్ ఓ) అనే పాత కాలువ గట్టు 297 కిలోమీటర్ల పొడవు. ఆ కాలువ వెంట పెద్ద రోడ్డు వేద్దామంటే 1954లో సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ స్వయంగా గట్టంతా నడిచి, అది అలాగే ఉండాలని ప్రచారం చేశారు. ఇప్పుడు అక్కడా నలగ్గొట్టిన రాయి పరిచి దారి బాగు చేస్తున్నారు. అందం ఎక్కడికీ పోలేదు.

దారి నీళ్ల వైపు వాలితే కుర్చీ అటే లాగుతుంది, తోసేవాళ్లకు ప్రాణం అరచేతిలో ఉన్నట్టే. నీరు పోవడానికి స్వల్పంగా వాలు చాలు. వంతెన దగ్గర గట్టు ఎక్కే చోట 20 మీటర్లకు ఒక మీటరు కంటే ఎక్కువ ఎత్తు ఉండకూడదు. బెంచీలకు చేతులుండాలి, లేకపోతే పెద్దవాళ్లు కూర్చున్నాక లేవలేరు. బెల్ కొట్టకుండా వెనక నుంచి దూసుకొచ్చే సైకిళ్ల వాళ్లంటే నాకు చెప్పలేనంత కోపం. చెవులు సరిగా వినిపించని వాళ్లు ఎటు తప్పుకుంటారు?

పని పూర్తయిందని కాంట్రాక్టర్‌కు బిల్లు ఇచ్చేముందు, చక్రాల కుర్చీ వాడే ఒకరిని ఆ చివర నుంచి ఈ చివరికి రమ్మనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ పని మిగిలి ఉన్నట్టే.