పాట వెంట వెళ్లేటప్పుడు

బిడ్డా,

ఈ దసరాకు మన మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అంకీసా, అసరెల్లి ఊళ్లు తిరిగి బతుకమ్మ పాటలు రాసుకుంటానని చెప్పావు. ఎంత సంతోషమయిందో! ఒక మాట మాత్రం బయలుదేరే ముందే విను. "ఇందులో అసలు పాట ఏది?" అని ఎవరినీ అడగకు. అలా అడిగితే మన ఆడవాళ్లు వెనక్కి తగ్గుతారు. "మాకు సరిగ్గా రాదమ్మా, కాళేశ్వరం వాళ్లను అడుగు" అంటారు. గోదావరి అవతల, తెలంగాణ ఒడ్డున పాడిందే అసలైన పాట అని మనవాళ్లు నమ్మడం నాకు ఎప్పుడూ బాధే. ఇవతల పాడేది కూడా నిండు పాటే.

"ఇది మీకు ఎవరు నేర్పారు? ఆమెది ఏ ఊరు?" అని అడుగు. పాట ఎక్కువగా పెళ్లిళ్లతోనే ఊళ్లు మారుతుంది. మంథని నుంచో చెన్నూరు నుంచో వచ్చిన కోడలు తల్లిగారింటి పాట ఎత్తుకుంటే, ఆడబిడ్డలు తమకు తెలిసిన వరుసలో చప్పట్లు కలుపుతారు. రెండు మూడేళ్లకు ఆ పాట ఈ ఊరిదైపోతుంది. అందుకే పాడినామె పుట్టిన ఊరు, మెట్టిన ఊరు రెండూ రాసుకో. కూలికి ఎటు వెళ్తుందో కూడా అడుగు. మన గడ్చిరోలి నుంచి మిరపకాయలు ఏరడానికి తెలంగాణ వైపు ఏటా జనం వెళ్తారు కదా, పక్క పక్క సాళ్లలో వంగి పనిచేసేవాళ్లు ఒకరి పాట ఒకరు పట్టుకుంటారు. రెండేళ్లకోసారి మేడారం జాతర ఉండనే ఉంది. 2010లోనూ 2022లోనూ ప్రాణహిత పుష్కరాలకు రెండు ఒడ్ల జనమూ వచ్చారు.

పాటలో ఏది నిలిచింది, ఏది మారిందన్నది ఓపికగా చూడు. "ఉయ్యాలో" అని గుంపంతా అందుకునే లోపల, ముందు పాడే ఆమెకు తర్వాతి మాట తట్టడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలోనే పాట మారుతుంది. పల్లవి కదలదు. దేవుడి పేరు, ఏటి పేరు, చీర రంగు, మరదలి పేరు మారిపోతాయి. ఒక చోట వేములవాడ రాజన్న వస్తే, ఇంకో చోట కాళేశ్వరం ముక్తేశ్వరస్వామి రావచ్చు. మధ్యలో ఒక మరాఠీ మాట పడి అక్షరాలు తక్కువైతే, గొంతు సాగదీసి తాళానికి సరిపెడతారు. దాన్ని తప్పనుకుని దిద్దకు. సాగదీసిన చోట గీత పెట్టుకుని విన్నది విన్నట్టే రాయి.

నువ్వు మరాఠీ బడిలో చదివావు, తెలుగును కూడా దేవనాగరిలోనే రాస్తావు. ఫరవాలేదు, కానీ ఆ లిపిలో ఎ, ఏ ఒకటే. ఒ, ఓ ఒకటే. "మెడ" అన్నారో "మేడ" అన్నారో తర్వాత చూసుకుంటే తెలియదు. కాబట్టి ఫోన్‌లో రికార్డు చేయడం తప్పనిసరి, అదీ అడిగి చేయాలి. ఆడవాళ్ల మధ్య మాత్రమే పాడుకునే పాటలు కొన్ని ఉంటాయి. వాటిని గ్రూపుల్లో పెట్టకు.

కూర్చోబెట్టి "చెప్పండి" అంటే సగం పాట పోతుంది. నాట్లలోనో, బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నప్పుడో విను. కాళ్లు కదిలితేనే మాట గుర్తొస్తుంది చాలామందికి.

ఒకటి జాగ్రత్త. విదర్భలో మరాఠీ ఆడపిల్లలు భాద్రపద పున్నమి నుంచి ఆశ్వయుజ పున్నమి దాకా భులాబాయి పాటలు పాడతారు. మన బతుకమ్మా ఆ రోజుల్లోనే వస్తుంది. అక్కడా పుట్టిల్లు, అత్తిల్లే పాట. రెండూ పోలి ఉన్నాయి కదా అని ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని వెంటనే రాసేయకు. ఒకే రకం బతుకు ఒకే రకం పాట పాడించగలదు. ఊరి పేరో, మాటో, వరుసో సాక్ష్యంగా కనబడితేనే ఆ మాట అను.

మహారాష్ట్రలోనే హేమా రాయిర్కర్, గీ పాయటెవిన్‌లు మొదలుపెట్టిన పాటల సేకరణలో లక్షకు పైగా తిరగలి పాటలు చేరాయి. ఏ పాట ఏ ఊరిలో ఎవరు పాడారో రాసిపెట్టారు. నువ్వూ పాడినవాళ్ల పేరు వదలకు, వాళ్లు వద్దంటే తప్ప.

డీజే పాటలను చూసి మొహం తిప్పుకోకు. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాక కొత్త బతుకమ్మ పాటలు యూట్యూబ్‌లో ఏటా వస్తున్నాయి, ఇక్కడి పిల్లలు అవే నేర్చుకుంటున్నారు. అవి ఏ ఊరికి ఎప్పుడు వచ్చాయో రాసుకో. నాకు ఆ మోత నచ్చదు, కానీ మా అమ్మమ్మ పాట కూడా ఒకప్పుడు ఈ ఊరికి కొత్తగా వచ్చినదే.

అంకీసా వెళ్లే ముందు నాకు ఫోన్ చెయ్యి. అక్కడ పాడేవాళ్లకు ముందే కబురు పెడతాను. సద్దుల బతుకమ్మ రోజు మాత్రం నోట్‌బుక్ బయటకు తీయకు, వాళ్లతో కలిసి ఆడు. మర్నాడు పొద్దున వెళ్లి అడుగు.

ప్రేమతో,
మీ మేనత్త