మొదటిసారి వేరొకరికి టారో చూసేముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మీరు అడిగింది ఇది: టారో డెక్ (బొమ్మలున్న 78 కార్డుల పేక) కొని కొద్ది వారాలే అయింది, ఇద్దరు స్నేహితులు తమకు చూడమంటున్నారు, ఏదైనా తప్పు చెప్పి వాళ్ల మనసు కష్టపెడతానేమోనని భయం. డెక్‌ని శుద్ధి చేయడం, ధ్యానం చేయడం లాంటివి తప్పనిసరా అని కూడా అడిగారు.

ఆ భయం మంచిదే, పోగొట్టుకోకండి. శుద్ధి మాత్రం తప్పనిసరి కాదు. పొగ వేయడం, వెన్నెల్లో పెట్టడం, మొదటి డెక్ ఎవరో ఒకరు బహుమతిగా ఇవ్వాలనడం, ఇవన్నీ ఇష్టమైతే పాటించే అలవాట్లు. చేయకపోతే కార్డులు పనిచేయవని ఎవరన్నా పట్టించుకోకండి.

చేతిలో ఉన్న వస్తువు గురించి నిజం తెలుసుకోవడం మాత్రం తప్పదు. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని 1781లో రాసిన ఫ్రెంచ్ రచయిత ఆంత్వాన్ కూర్ ద జెబలాన్ దగ్గర ఆధారమేమీ లేదు. అప్పటికి ఈజిప్టు లిపి చదవగలిగినవాళ్లే లేరు, ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో. కాబట్టి ఎదురుగా కూర్చున్నవారితో "ఇది వేల ఏళ్ల నాటి విద్య" అనకండి. డెక్ గురించే అబద్ధం చెబితే తర్వాత చెప్పే మాటకు విలువ ఉండదు.

కొత్తవారికి 1909లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్, లేదా దాని బాటలో వచ్చినది ఏదైనా సరిపోతుంది. బొమ్మలు వేసింది పమేలా కోల్మన్ స్మిత్. డెత్, టవర్ లాంటి పేర్లున్న 22 మేజర్ కార్డులకే కాదు, కప్పులు, కత్తులు లాంటి నాలుగు జాతుల 56 మైనర్ కార్డులకూ ఆమె పూర్తి దృశ్యాలు గీశారు. మార్సే అనే పాత ఫ్రెంచ్ తరహా డెక్‌లో ఐదు కప్పులంటే ఐదు కప్పుల బొమ్మే ఉంటుంది, మొదట్లో అది కష్టం. ఇంకొకటి: రైడర్-వెయిట్‌లో స్ట్రెంగ్త్ కార్డు సంఖ్య 8, జస్టిస్‌ది 11. మార్సేలో ఇవి తారుమారు. ఒక సంప్రదాయం డెక్ చేతిలో, ఇంకో సంప్రదాయం పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే ఇక్కడే తికమక పడతారు.

78 అర్థాలు బట్టీ పట్టకండి. బట్టీ పట్టినవాళ్లు కార్డు తిప్పగానే బొమ్మ చూడకుండా గుర్తున్న ముక్క అప్పజెప్తారు. ఎదుటివాళ్లు అడిగినదానికీ దానికీ పొంతన ఉండదు. రోజుకో కార్డు తీయండి. పుస్తకం తెరవకముందు నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాయండి: బొమ్మలో ఏముంది, నాకు ఏమనిపించింది, ఏ వస్తువు వల్ల అలా అనిపించింది. పుస్తకం ఆ తర్వాత.

ఐదు కప్పుల కార్డే తీసుకోండి. నల్లటి అంగీ కప్పుకున్న మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉన్నాయి. వెనక రెండు నిలబడే ఉన్నాయి, అతను వాటిని చూడట్లేదు. అవతల ఏరు, ఏటి మీద వంతెన, ఆవలి ఒడ్డున కోట. "దుఃఖం, నష్టం" అని బట్టీ పట్టినవారికి ఆ రెండు కప్పులు, ఆ వంతెన ఎప్పటికీ కనపడవు. అడిగినవారికి అక్కరకొచ్చేది చాలాసార్లు అవే. అలాగని మూడు కప్పులు ఒలికిన సంగతి దాటేసి "అంతా మంచే జరుగుతుంది" అనడమూ తప్పే. రెండూ చెప్పాలి.

కొత్త డెక్ వరుసక్రమంలో వస్తుంది. పేకను చేతిలో పట్టుకుని కొన్ని కొన్ని ముక్కలు పైకీ కిందకీ వేస్తే సరిగా కలవదు, పక్కపక్క కార్డులు గుంపుగానే తిరుగుతాయి. మూడు కార్డులూ వరుసగా కత్తులే వస్తే, అందులో విశేషం కంటే పేక కలపకపోవడమే ఎక్కువసార్లు కారణం. రెండు సగాలు చేసి అంచులు ఒకదానిలోకి ఒకటి దూర్చే పద్ధతిలో 52 ముక్కలకు ఏడుసార్లు కావాలని డేవ్ బేయర్, పెర్సీ డయాకొనిస్ 1992లో లెక్కగట్టారు. 78కి ఇంకో ఒకటి రెండు కలుపుకోండి. టారో కార్డులు పెద్దవి, అలా వంచితే అంచులు మడత పడతాయి. చేయి చిన్నదైతే బల్ల మీద బోర్లా పరిచి, రెండు అరచేతులతో నిమిషం పాటు గుండ్రంగా కలియబెట్టండి. అప్పుడు కొన్ని తలకిందులవుతాయి. తలకిందుల కార్డుకు వేరే అర్థం చెప్తారా, చెప్పరా అన్నది కలపకముందే తేల్చుకోండి. కొత్తలో చెప్పకపోవడమే మేలు, అలా వచ్చినది నిటారుగా తిప్పి చదవండి. కార్డు పడ్డాక నచ్చినట్టు తేల్చుకుంటే అది చదవడం కాదు, ఏరుకోవడం.

మీ అసలు భయం దగ్గరకు వద్దాం. డెత్, టవర్, డెవిల్, మూడు కత్తులు, పది కత్తులు. ఈ ఐదు చూస్తే అడిగినవారి గుండెలో రాయి పడుతుంది. లెక్క వేసి చూడండి: మూడు కార్డులు తీస్తే వీటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం సుమారు 18 శాతం. కెల్టిక్ క్రాస్ అనే పది కార్డుల అమరిక పరిస్తే సుమారు 50 శాతం. అంటే రెండుసార్లకు ఒకసారి. ఇవి రావన్న ధీమాతో కూర్చోకూడదు. ఈ ఐదింటికీ చెప్పబోయే మొదటి వాక్యం ముందే కాగితం మీద రాసుకుని, పైకి చదివి చూసుకోండి. మీ ముఖం మారితే చాలు, ఆ తర్వాత ఎన్ని మంచి మాటలు చెప్పినా వాళ్ల చెవికెక్కవు.

డెత్ కార్డుకు "ఇది మనిషి చావు గురించిన కార్డు కాదు, ఒక దశ ముగియడం గురించి. మీ విషయంలో ముగిసిపోయినా ఇంకా పట్టుకుని ఉన్నది ఏమైనా ఉందా?" అనొచ్చు. బొమ్మలో తెల్లగుర్రం మీది అస్థిపంజరాన్నే కాదు, వెనక రెండు బురుజుల మధ్య కనిపించే సూర్యుణ్ణీ వేలితో చూపించండి. "అయ్యో", "మ్‌మ్‌... ఇది వచ్చిందా" లాంటివి నోరు జారి కూడా రాకూడదు.

మొదటి పది పన్నెండు మందికి మూడు కార్డులు దాటకండి. కెల్టిక్ క్రాస్‌లో పది స్థానాలను ఒకదానితో ఒకటి కలిపి చెప్పాలి. కొత్తవాళ్లు ఆరో కార్డుకు దారి తప్పి, మిగతావాటికి నోటికొచ్చింది చెప్తారు.

ఇక ప్రశ్న. కార్డుల కంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. "అతను నన్ను పెళ్లి చేసుకుంటాడా?" అని అడిగితే అలాగే కార్డులు తీయకండి. అది ఇక్కడ లేని మనిషి మనసు గురించిన ప్రశ్న, అతని అనుమతి మీ దగ్గర లేదు. "ఈ బంధంలో నేను ఏం కోరుకుంటున్నాను, దేని గురించి అతనితో మాట్లాడలేకపోతున్నాను?" అని మార్చొచ్చు. "ఉద్యోగం వస్తుందా?" అన్నది "ఈ ప్రయత్నంలో నేను పట్టించుకోనిది ఏమిటి?" అవుతుంది. మార్చిన ప్రశ్న అవతలివారు తమ నోటితో చెప్పాలి. మీరు మార్చి మీరే ముందుకు వెళ్తే వాళ్లు మనసులో పాత ప్రశ్నకే జవాబు వెతుక్కుంటారు.

కొన్ని ప్రశ్నలకు మార్పు కూడా వద్దు. జబ్బు, గర్భం, ఆయుష్షు, కోర్టు కేసు, డబ్బు ఎక్కడ పెట్టాలి. "దీనికి కార్డులు తీయను, డాక్టరునో లాయరునో అడగాల్సిన విషయం" అని మృదువుగా, ఒక్కసారే చెప్పి ఆపేయండి. బతకాలని లేదన్న మాట వినపడితే కార్డులు పక్కన పెట్టేయండి. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి, వినండి, నమ్మకమైనవారికో సహాయ లైనుకో అప్పుడే ఫోన్ కలిపించండి, ఒంటరిగా వదలకండి.

కూర్చునేముందు మీ సంగతి చూసుకోండి. ఆకలి, నిద్రలేమి, కోపం ఉంటే ఆ రోజు వద్దు. ధ్యానం తప్పనిసరా అన్నారు కదా, రెండు నిమిషాలు చాలు: పాదాలు నేలకు ఆనించి, నెమ్మదిగా పది ఊపిర్లు. ఆ తర్వాత చేయాల్సింది ఇంకా ముఖ్యం. ఈ స్నేహితురాలికి ఏ జవాబు రావాలని మీకు ఉందో కాగితం మీద రాయండి. ఆమె ప్రేమించినవాడంటే మీకు గిట్టదనుకోండి, ఏ కార్డు వచ్చినా మీ నోట అదే వస్తుంది. రాసి చూసుకున్నాక ఆ మొగ్గు బలంగా ఉందనిపిస్తే, ఆ ప్రశ్నకు చూడనని చెప్పేయండి.

మొదలుపెట్టేముందు నాలుగు మాటలు పైకి అనండి: నేను నేర్చుకుంటున్నాను, ఇది భవిష్యత్తు చెప్పడం కాదు, అరగంటలో ముగిద్దాం, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను. సరేనంటేనే పేక కలపండి.

కార్డు తిప్పాక ముందు బొమ్మలో ఏముందో చెప్పండి, తర్వాత "ఇందులో మీ కన్ను దేని మీద పడింది?" అని అడగండి, మీ మాట మూడోది. స్నేహితుల విషయంలో ఒక మోసం తెలియకుండానే జరిగిపోతుంది. వాళ్ల ఇంట్లో గొడవ మీకు ముందే తెలుసు, అదే కార్డులో కనపడినట్టు చెప్తారు, వాళ్లు ఆశ్చర్యపోతారు. "ఇది నాకు తెలిసిన విషయం, కార్డు చెప్పింది కాదు" అని విడదీసి చెప్పండి. అలాగే "భలే సరిగ్గా చెప్పావు" అంటే పొంగిపోకండి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు ఒకటే వర్ణన ఇచ్చి, ఇది మీ ఒక్కరి గురించే అన్నాడు. వాళ్లు 5కి సగటున 4.26 మార్కులు వేశారు. "పైకి ధైర్యంగా ఉన్నా లోపల సందేహాలుంటాయి" లాంటి మాట ఎవరికైనా అతుకుతుంది, అలాంటివి మీ నోట్లోంచి వస్తే గుర్తుపట్టి మానేయండి.

నచ్చని కార్డు వస్తే ఇంకోటి తీయమంటారు. తీయకండి. రెండోది మొదటిదాన్ని రద్దు చేస్తుందన్న నమ్మకం పెరుగుతుంది, ఆ రాత్రికి ఇరవై కార్డులవుతాయి. అదే ప్రశ్న మళ్లీ అడగాలంటే పరిస్థితిలో ఏదైనా మారాలి, లేదా కనీసం ఒక నెల గడవాలి. రోజూ ఫోన్ చేసి అడిగేవారికి ఇంకా చూడటం సాయం కాదు.

డబ్బు ఇప్పుడే తీసుకోవద్దు. ఎప్పుడు తీసుకున్నా ఎంతో ముందే చెప్పాలి, మధ్యలో పెంచకూడదు. "మీకు శాపం ఉంది, తీసేయడానికి ఇంత అవుతుంది" అనేది టారో కాదు, దోపిడీ. విన్నది మూడో మనిషికి చెప్పకండి, పరిచిన కార్డుల ఫోటో అడగకుండా ఎక్కడా పెట్టకండి. నోట్‌బుక్‌లో తేదీ, ప్రశ్న, కార్డులు, మీరు ఏమన్నారో రాసుకోండి, పేరు వద్దు. నెల తర్వాత తిరగేస్తే మీరు ఏ కార్డుకు ఎప్పుడూ ఒకే మాట చెప్తున్నారో తెలిసిపోతుంది.

చివర్లో కార్డులన్నీ ఒకవైపుకి తిప్పి, 78 ఉన్నాయో లేదో లెక్కపెట్టి పెట్టెలో పెట్టండి. కలియబెట్టేటప్పుడు ఒకటి బల్ల కిందకు జారిపోవడం మామూలే. చూసుకోకపోతే తర్వాత ఎంతమందికి చూసినా ఆ కార్డు ఒక్కసారీ రాదు.