తెడ్డు ముందా, కత్తి ముందా?

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టల్‌వేన్‌లో స్థిరపడిన ఒక తల్లిగారు ఇలా రాశారు: "మా అమ్మాయికి పదిహేడేళ్లు. సర్జన్ కావాలంటుంది, బోస్‌బాన్ అనే పడవపందేల సరస్సులో రోయింగ్ (తెడ్లతో పడవ నడిపే పందెం) సాధన మాత్రం మాననంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెడుతోందని మా భయం. ఏది మాన్పించమంటారు?"

అమ్మా, ఏదీ మాన్పించకండి. ఏది ఆగగలదో, ఏది ఆగలేదో చూడండి. అక్కడ వైద్యవిద్యకు ఆరేళ్లు (మూడేళ్లు బ్యాచిలర్స్, మూడేళ్లు మాస్టర్స్), ఆ తరువాత సర్జరీ శిక్షణకు మరో ఆరేళ్లు పడుతుంది. శిక్షణలో చోటు దొరికేలోగా చాలామంది ఆసుపత్రిలో పనిచేస్తూనో, పీహెచ్‌డీ చేస్తూనో కొన్నేళ్లు గడుపుతారు. కాబట్టి మీ అమ్మాయి సర్జన్ అయ్యేసరికి ముప్పై దాటుతుంది. రెండు వేల మీటర్ల పందెంలో నెగ్గే ఒంటిసత్తువ మాత్రం అప్పటిదాకా మనకోసం కాచుకుని కూర్చోదు.

బ్రిటన్ రోవర్ ఇమోజెన్ గ్రాంట్ దారి చూడండి. కేంబ్రిడ్జిలో వైద్యవిద్యలో చేరాకే ఆమె తొలిసారి తెడ్డు పట్టారు. టోక్యో ఒలింపిక్స్‌లో లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్ (తక్కువ బరువున్న ఇద్దరు చెరో రెండు తెడ్లతో నడిపే పందెం) కాంస్యం ఆమె జంటకు 0.01 సెకను తేడాతో తప్పిపోయింది. అది దక్కింది డచ్ జంటకే. ఆమె చదువును కొంతకాలం పక్కన పెట్టి, మళ్లీ అందుకుని, 2024లో పారిస్‌లో స్వర్ణం గెలిచి, వెంటనే డాక్టరుగా ఉద్యోగంలో చేరారు. చదువు ఆమె కోసం ఆగింది.

మీరున్న చోట ఇది మరీ వింత కాదు. డచ్ రోయింగ్‌కు విద్యార్థి క్లబ్బులే పునాది: లైడెన్‌లోని న్యోర్డ్ 1874 నాటిది, ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెరేయుస్ 1885 నాటిది. అసలు చిక్కు మాస్టర్స్‌లో, ఆసుపత్రి విభాగాలలో రోజంతా గడిపే కోస్ఖాప్పెన్ మొదలైనప్పుడు వస్తుంది. డ్యూటీ వేళలు కోచ్ చేతిలో ఉండవు. మూడేళ్ల బ్యాచిలర్స్ ముగిశాక, మాస్టర్స్‌కు ముందు విరామం తీసుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే మేలు. విరామం ఎంతకాలమో, చదువులో తిరిగి ఎప్పుడు చేరాలో ముందే విశ్వవిద్యాలయ సలహాదారుతో మాట్లాడుకోవాలి. జాతీయ జట్టు పిలుపు రాకపోతే విరామమే అక్కరలేదు, క్లబ్బు స్థాయి సాధన సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీ భయం నాకూ ఉంది. రోవర్లకు నడుము నొప్పి, పక్కటెముకల గాయాలు సాధారణం. గంటల తరబడి ఆపరేషన్ బల్ల ముందు నిలబడవలసిన మనిషికీ ఆ నడుమే కావాలి. నొప్పిని ఓర్చుకోవడాన్ని పట్టుదలగా పొగడకుండా వెంటనే ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ఇక తక్షణం చేయవలసింది: వైద్యవిద్యలో సీట్లు పరిమితం, దరఖాస్తుకు గడువు జనవరి 15, ఆపై ప్రతి విశ్వవిద్యాలయానికీ తన సొంత ఎంపిక విధానం ఉంటుంది. ఆ వారాలలో పెద్ద పందెమేదీ పెట్టుకోవద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.